ముందు చోటు, తర్వాతే ఫిష్ ట్యాంకు
స్టాండ్ కొనకుండా ఇంట్లో అక్వేరియం పెట్టుకోవడం గురించి ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలులో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పనులన్నీ పక్కన పెట్టి వచ్చారు, పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు, చాలా సంతోషం. ముందు వరసలో కూర్చున్న పిల్లలు ఈ ట్యాంకు మీద చేతులు ఆనించకండి నాన్నా. కాసేపట్లో మీ చేతే ఒక పని చేయిస్తాను.

ఇళ్లకు వెళ్లి ఫిష్ ట్యాంకులు అమర్చడం, కారుతున్నవాటిని బాగుచేయడం నా పని. నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే. "ట్యాంకు కొనేశామండీ, ఎక్కడ పెట్టమంటారు? స్టాండ్ తప్పకుండా కొనాలా?" స్టాండ్ ధర ఒక్కోసారి ట్యాంకు ధరను మించిపోతుంది. అద్దె ఇల్లయితే రేపు ఎక్కడికి మారతామో తెలియదు. డబుల్ బెడ్రూం ఫ్లాట్ హాల్లో సోఫా, టీవీ, షూ ర్యాక్ పోను మిగిలే చోటే కాస్త. అందుకని స్టాండ్ లేకుండా పెట్టుకోవచ్చా అని అడుగుతారు. నిక్షేపంగా పెట్టుకోవచ్చు. కాకపోతే స్టాండ్ ఏం పని చేస్తుందో తెలుసుకున్నాకే దాన్ని వద్దనుకోవాలి. అది చేసేవి రెండే పనులు. బరువును తిన్నగా నేలకు దింపుతుంది, ట్యాంకు అడుగు మొత్తాన్నీ ఒకే మట్టంలో ఆనించి ఉంచుతుంది. ఈ రెండూ మీ ఇంట్లో ఇంకేదైనా చేయగలిగితే మీకు వేరే స్టాండ్ అక్కర్లేదు. చేయలేకపోతే ఎంత అందమైన బల్ల అయినా పనికిరాదు. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, ముందు చోటు చూసుకోండి, ఆ చోటుకు తగ్గ ట్యాంకు తర్వాత కొనుక్కోండి. ట్యాంకు ముద్దొచ్చి కొనేసి, ఇంటికొచ్చాక చోటు వెతికితే చివరికి అది ఫ్రిజ్ మీదికో కిటికీ గట్టు మీదికో చేరుతుంది.

బరువు సంగతి చూద్దాం. నీళ్లు బరువని అందరికీ తెలుసు. ఎంత బరువో లెక్క వేసుకునేవాళ్లే తక్కువ. లెక్క చాలా తేలిక. ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించండి. వచ్చినదాన్ని మళ్లీ 28తో గుణిస్తే లీటర్లు. లీటరు నీళ్లంటే కిలో. మన షాపుల్లో మామూలుగా దొరికే 2 అడుగుల ట్యాంకు తీసుకోండి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే 56 లీటర్లు పడుతుంది. 5 మిల్లీమీటర్ల అద్దంతో చేసిన ఖాళీ ట్యాంకే 9 కిలోల దాకా తూగుతుంది. అడుగున రెండంగుళాల మందాన గులకరాళ్లు పరిస్తే ఇంకో 14 కిలోలు. పైన రెండంగుళాలు ఖాళీ వదులుతాం కాబట్టి, రాళ్లు ఆక్రమించినంత మేరా నీళ్లు తగ్గుతాయి కాబట్టి, అన్నీ కలిపి 65 నుంచి 70 కిలోల మధ్య తేలుతుంది. ఒక మనిషి బరువన్నమాట. ఆ మనిషి పగలూ రాత్రీ ఏళ్ల తరబడి అక్కడే నిలబడి ఉంటాడని అనుకుని చోటు వెతకండి.

ఇప్పుడు "ఒక్క అడుగే కదా ఎక్కువ" అని 3 అడుగుల ట్యాంకుకు వెళ్లారనుకోండి. 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అది నిండితే దాదాపు 190 లీటర్లు. దానికి మందమైన అద్దం వాడాలి, రాళ్లు ఎక్కువ పడతాయి. మొత్తం మీద 220 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అంటే నాలుగు సిమెంటు బస్తాలు దాటిపోయింది. పొడవు పెరిగింది ఒక్క అడుగే, బరువు మాత్రం మూడింతలు దాటింది. స్టాండ్ లేకుండా పెట్టుకునేవాళ్లు 2 అడుగుల ట్యాంకు దగ్గరే ఆగమని నేను పట్టుబట్టేది ఇందుకే.

పై అంతస్తుల వాళ్లకు స్లాబు తట్టుకుంటుందా అని టెన్షన్ ఉంటుంది. ఇళ్లలో గదుల స్లాబులు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువు మోసేలా లెక్క కట్టాలని మన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. అది గది మొత్తానికీ పరుచుకునే లెక్క. 2 అడుగుల ట్యాంకుతో స్లాబుకు వచ్చే ఇబ్బందేమీ లేదు. 3 అడుగులదైతే గది నడిమధ్య పెట్టకండి, కింద బీమ్ ఉన్న గోడ వెంబడి పెట్టండి. 4 అడుగులు, ఆపైన అంటారా, నన్ను కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి చూపించండి. బాల్కనీలో మాత్రం ఎంత చిన్నదైనా వద్దు. బరువు కన్నా ఎండ, వాన, పావురాలు అక్కడ అసలు సమస్య.

సరే, ఇక్కడికి రా బాబూ, నీ పేరేంటి? ఈ బల్ల చదునుగా ఉంది చూడు. ఈ ఖాళీ ట్యాంకును నొక్కు. కదిలిందా? లేదు కదా. ఇప్పుడు ఈ చిన్న గులకరాయిని ఒక మూలన అద్దం కింద పెడుతున్నాను. శనగ బద్దంత రాయి. మళ్లీ ఆ ఎదుటి మూల నొక్కు. టక్కు టక్కుమంటోంది, విన్నారా అందరూ? ఖాళీగా ఉంది కాబట్టి ఊగుతోంది. అందులో 45 లీటర్ల నీళ్లు పోస్తే ఊగదు, ఆ బరువంతా ఈ రాయి ఉన్న చోట అద్దాన్ని వంచుతుంది. అద్దానికి వంగే గుణం చాలా తక్కువ. ఆ వేళే పగలకపోవచ్చు. వారానికో నెలకో ఒక సన్నని గీత ఆ మూల నుంచి బయల్దేరుతుంది. చాలామంది అద్దం నాసిరకమని షాపువాడిని తిడతారు. కింద చూస్తే ఇసుక రేణువు, ఎండిన సిమెంటు చుక్క, టైల్‌కీ టైల్‌కీ మధ్య లేచిన అంచు, ఇలాంటిదేదో ఉంటుంది.

అందుకే అడుగు అద్దం నేరుగా ఆనే ట్యాంకుల కింద 10, 12 మిల్లీమీటర్ల థర్మాకోల్ షీటు వేస్తాం. లేదంటే పాత యోగా మ్యాట్ ట్యాంకు సైజుకు కత్తిరించి వేసినా చాలు. చిన్న చిన్న ఎగుడుదిగుళ్లను అది మింగేస్తుంది. ముక్కలు అతికించి వేయకండి, ఒకే షీటు ఉండాలి. ఇది పెద్ద వంకరలను సరిచేయదన్నది కూడా గుర్తుంచుకోండి. బల్ల ఒక పక్కకు వాలి ఉంటే థర్మాకోల్ వేసినా వాలే ఉంటుంది. ఇంకొక సంగతి, కొన్ని రెడీమేడ్ ట్యాంకులకు అడుగున చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉంటుంది. వాటిలో అద్దం కిందికి తగలదు, బరువంతా ఫ్రేమ్ అంచుల మీదే నిలుస్తుంది. వాటికి థర్మాకోల్ వేయకూడదు. ఫ్రేమ్ అందులో దిగిపోయి, మధ్యలోని షీటు అద్దాన్ని కింది నుంచి పైకి నెడుతుంది. కొనేటప్పుడు ట్యాంకును తిరగేసి అడుగు చూడండి, మీది ఏ రకమో తెలిసిపోతుంది.

ఇక చోట్లు. మన ఇళ్లలో స్టాండ్ లేకుండా పెట్టడానికి అందరికీ ముందు తట్టేది నేల. నాకూ నేల మీద మంచి అభిప్రాయమే ఉంది. బరువు గురించి ఆలోచించక్కర్లేదు, పడిపోయే భయం లేదు. పై అంతస్తులో ఎండాకాలం స్లాబు కాగి గది పైభాగం వేడెక్కినప్పుడు నేల దగ్గరే కాస్త చల్లగా ఉంటుంది. చేపలకు అది చిన్న లాభం కాదు. వేడి పెరిగేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరకు పడిపోతుంది. మే నెలలో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే కారణం చాలాసార్లు ఇదే.

నేల మీద ఇబ్బందులూ ఉన్నాయి. రోజూ తడిగుడ్డ పెట్టేటప్పుడు ఫినాయిల్ నీళ్లు ట్యాంకు దగ్గరికి వస్తాయి. పనమ్మాయికి ముందే చెప్పుకోవాలి, ఆ చుట్టుపక్కల రెండడుగుల మేర ఉత్త నీళ్లతోనే తుడవమని. చీపురు తగిలి, కాలు తగిలి అద్దం అంచు పగలొచ్చు. మనుషులు నడిచే దారిలో పెడితే చేపలకు స్థిమితం ఉండదు. నీళ్లలోని చేపకు పైనుంచి పడే పెద్ద నీడంటే కొంగో డేగో వచ్చినట్టే, దాని పుట్టుకలోనే ఆ భయం ఉంది. మనిషి వచ్చిన ప్రతిసారీ మూలకు పోయి దాక్కుంటాయి, తిండి సరిగా తినవు. కాబట్టి నేల మీద పెట్టేవాళ్లు మూల చూసుకోండి, వెనక ఒక పక్కా, పక్కన ఒక పక్కా నల్ల కాగితం అతికించండి, మొక్కలు ఎక్కువ వేయండి. వాలిస్నేరియా అయితే చవక, మన నీళ్లలో బాగా పెరుగుతుంది, పైదాకా వచ్చి నీడ ఇస్తుంది.

నేల మీద ట్యాంకుకు ఇంకో చిక్కు నీళ్లు తీయడం. వారానికి పావు వంతు నీళ్లు మార్చాలి. ఎత్తు మీద ఉన్న ట్యాంకు నుంచి పైపు పెట్టి లాగితే బకెట్లోకి వాటంతట అవే దిగుతాయి. నేల మీది ట్యాంకుకు పక్కనే బకెట్ పెడితే, బకెట్లో నీళ్లూ ట్యాంకులో నీళ్లూ ఒకే ఎత్తుకు రాగానే ధార ఆగిపోతుంది. దీనికి మన ఇళ్లలోనే ఒక మార్గం ఉంది. బాత్రూం నేల హాలు నేల కన్నా కొంచెం దిగువన ఉంటుంది. పొడుగాటి పైపు తీసుకుని కొసను బాత్రూం జాలీ దగ్గర పెట్టండి. నిదానంగా వెళ్లినా వెళ్తుంది. ట్యాంకు లోపల ఉన్న కొసకు పాత సాక్స్ ముక్క కట్టండి, గప్పీ పిల్లలు పైపులో పడి పోకుండా. పైపు చాలనంత దూరం అయితే చిన్న సబ్‌మెర్సిబుల్ మోటారు పెట్టండి, కూలర్లలో వాడే రకం. కూలర్లో వాడుతున్నదే కడిగి వాడకండి, కొత్తది కొని దీనికే ఉంచండి.

అటూ ఇటూ కాకుండా నాకు బాగా నచ్చే పద్ధతి బ్లాకులు. నేలకు కాస్త ఎత్తు, ఖర్చు తక్కువ, ఇల్లు మారేటప్పుడు విడదీసుకుని పోవచ్చు. 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం ఉండే సాలిడ్ సిమెంటు బ్లాకులు ఏ బిల్డింగ్ మెటీరియల్ షాపులోనైనా దొరుకుతాయి. గోడ నుంచి మూడంగుళాలు వదిలి, బ్లాకు పొడవు గోడ నుంచి మనవైపు వచ్చేలా, ఎడమ పక్క ఒక దొంతర, కుడి పక్క ఒక దొంతర. ఒక్కో దొంతరలో మూడు బ్లాకులు. అడుగు ఎత్తు వస్తుంది. టైల్స్ గీసుకుపోకుండా ప్రతి దొంతర కింద రబ్బరు మ్యాట్ ముక్క. పైన రెండున్నర అడుగుల పొడవు, 16 అంగుళాల వెడల్పు గ్రానైట్ ముక్క. గ్రానైట్ షాపుల్లో కోతలో మిగిలిన ముక్కలు తక్కువకే ఇస్తారు. గ్రానైట్ కొసలు దొంతరల బయటి అంచులతో సమానంగా ఉండాలి, గాల్లో వేలాడకూడదు. ట్యాంకు ఏ వైపునా గ్రానైట్ దాటి రాకూడదు. బ్లాకు ఒక్కోటి 17, 18 కిలోలు ఉంటుంది, ఆరు కలిస్తే వంద కిలోలు దాటుతుంది. పై అంతస్తుల వాళ్లు ఆ బరువు కూడా కలుపుకోవాలి. అది వద్దనుకుంటే తేలికరకం తెల్ల బ్లాకులు, ఏఏసీ బ్లాకులంటారు, వాటిని తీసుకోండి. చేతి రంపంతో కావలసిన సైజుకు కోసుకోవచ్చు. నీళ్లు పీలుస్తాయి కాబట్టి పెయింట్ వేసుకోవాలి. ఏదైనా సరే, సిమెంటు వేయకుండా ఊరికే పేర్చే దొంతర అడుగు, అడుగున్నర దాటనివ్వకండి. పిల్లలు పట్టుకుని ఎక్కబోయే ఎత్తు అది.

కింద బ్లాకులు కుదిరాక రసమట్టం తీసుకోండి. తాపీ మేస్త్రి వాడేదే, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. గ్రానైట్ మీద పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఐమూలగా రెండు వైపులా పెట్టి చూడండి. బుడగ మధ్యలో నిలవాలి. నిలవకపోతే బ్లాకుల కింద ప్లాస్టిక్ షీటు ముక్కలు పెట్టి ఎత్తు సరిచేయండి. ఆ సర్దుబాటు అంతా కిందే, ట్యాంకు అద్దం కింద ఎప్పుడూ అట్టముక్క దూర్చకండి.

గోడలో గూడు ఉన్న పాత ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి, కడప బండతో చేసిన అలమరలు. చూడ్డానికి ట్యాంకు కోసమే కట్టినట్టుంటాయి. ఇక్కడ జాగ్రత్త. కడప రాయి కింద ఆసరా ఉంటే ఎంత బరువైనా మోస్తుంది. మధ్యలో ఆసరా లేకుండా రెండు కొసల మీదే ఉంటే మాత్రం నమ్మకూడదు. కర్ర అయితే ముందు వంగుతుంది, మనకు తెలుస్తుంది. రాయి వంగదు, లోపల పొరల వెంబడి ఒక్కసారిగా పగులుతుంది. కాబట్టి అన్నిటికన్నా కింది అర, నేల మీద కట్టినదైతే సరే. పై అరల్లో అయితే ట్యాంకు కింద మధ్యలో ఇటుక ఆసరా కట్టించండి. గూడు లోతు కూడా కొలవాలి. అడుగు వెడల్పు ట్యాంకుకు వెనక వైర్లకు, పైపులకు రెండంగుళాలు కావాలి. ఎత్తులో ట్యాంకు పైన కనీసం పది అంగుళాలు ఖాళీ ఉంటేనే చెయ్యి పెట్టి శుభ్రం చేయగలుగుతారు. అది లేని గూట్లో పెట్టిన ట్యాంకును నెల తిరిగేసరికి ఎవరూ శుభ్రం చేయరు. దీని గురించి నాకు చాలా బాధ. చూడ్డానికి అందంగా ఉందని చెయ్యి పట్టని చోట పెట్టి, చేపల్ని వాటి మురికిలోనే వదిలేస్తారు.

వంటింటి గట్టు బరువు మోస్తుంది కానీ పోపు పొగ, నూనె జిడ్డు నీటి మీద పొరలా పేరుకుంటాయి. అక్కడ వద్దు. గ్రానైట్ గట్టు డైనింగ్ వైపు పొడిగించి ఉంటే ఆ చివర, పొయ్యికి దూరంగా, పెట్టుకోవచ్చు.

ఇంట్లో ఉన్న బల్లల మీద పెట్టాలనుకునేవాళ్లకు ఒక పరీక్ష చెబుతాను. 25 కిలోల బియ్యం బస్తాలు మూడు తీసుకుని ఆ బల్ల మీద ట్యాంకు పెట్టాలనుకున్న చోట ఒకదాని మీద ఒకటి పెట్టండి. ఒక రాత్రి, ఒక పగలు వదిలేయండి. తర్వాత బల్ల ముందు అంచున ఈ కొస నుంచి ఆ కొసకు దారం బిగించి పట్టుకోండి. దారానికీ చెక్కకూ మధ్య సందు కనిపించిందంటే ఆ బల్ల దిగుతోంది. కనిపించకపోతే పక్క నుంచి చేత్తో తోసి చూడండి. కాళ్లు ఊగితే అదీ పనికిరాదు. పాత టేకు బల్లలు, ఇనుప ఫ్రేమ్ ఉన్న వర్క్ టేబుళ్లు ఇందులో నెగ్గుతాయి. పార్టికల్ బోర్డు టీవీ యూనిట్లు, కంప్యూటర్ టేబుళ్లు ఎక్కువగా నెగ్గవు. నెగ్గినా నమ్మకండి. నీళ్లు మార్చిన ప్రతిసారీ నాలుగు చుక్కలు పడతాయి, అంచు పట్టీ లేచిన చోట నుంచి లోపలికి వెళ్తాయి, చెక్క బిస్కెట్‌లా ఉబ్బిపోతుంది. పైకి సన్‌మైకా బాగానే కనిపిస్తూ ఉంటుంది. అద్దం టాప్ ఉన్న డైనింగ్ టేబుల్, టీపాయ్, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, గోడకు మేకులు కొట్టి బిగించిన అరలు, వీటి మీద నాలుగు లీటర్ల గాజు కూజా తప్ప ఇంకేదీ వద్దు. ఆ కూజాలో కూడా చేపను పెట్టకండి, మొక్క పెట్టుకోండి. గుండ్రటి గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్‌ను ఉంచడం దాన్ని హింసించడమే. అది అరచేయి దాటి పెరిగే చేప, పదేళ్లు పైన బతకగలిగిన చేప.

చోటు బరువు మోసింది, మట్టంగా ఉంది. ఇక అక్కడి గాలి, వెలుతురు చూడాలి. పడమటి, దక్షిణపు కిటికీ పక్కన పెడితే వేసవిలో నీళ్లు కాగిపోతాయి, మిగతా కాలాల్లో అద్దాలకు పచ్చటి పాచి పడుతుంది. రోజుకు 6 నుంచి 8 గంటలు ట్యూబ్ లైటు వెలుతురు చాలు, ఎండ అక్కర్లేదు. ఈశాన్యంలో, ఉత్తరం వైపు పెట్టాలని వాస్తు చూసేవాళ్లు అంటారు. ఉత్తరపు గోడకు మధ్యాహ్నపు ఎండ తక్కువ కాబట్టి ట్యాంకుకూ అది మంచిదే. ఏసీ గాలి తిన్నగా తగిలే చోట మాత్రం వద్దు, రాత్రికీ పగలుకీ నీటి వేడిలో తేడా ఎక్కువైపోతుంది.

ముఖ్యమైన మాట ఇది. దోమల మందులు. ప్లగ్గులో పెట్టే లిక్విడ్, కాయిల్, బొద్దింకల స్ప్రే, వీటిలో ఉండే పైరిథ్రాయిడ్ మందులు మనకన్నా చేపలకు ఎన్నో రెట్లు విషం. పైగా ఎయిర్ పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలోకి పంపిస్తుంది. పడకగదిలో ట్యాంకు పెట్టి పక్కనే లిక్విడ్ ఆన్ చేస్తే ఆ మందును మనమే నీళ్లలో కలిపినట్టు. ట్యాంకు ఉన్న గదిలో దోమతెర వాడండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లు వచ్చే రోజు ఎయిర్ పంపు ఆపి, ట్యాంకును తడి దుప్పటితో మూసి, వాళ్లు వెళ్లాక కిటికీలన్నీ తీసి గాలి మారాకే తెరవండి. లోపల ఫిల్టరు మాత్రం తిరుగుతూ ఉండనివ్వండి. సాంబ్రాణి, అగరుబత్తి పొగ కూడా దూరంగా ఉంచండి.

కరెంటు. ట్యాంకు కన్నా దిగువన ప్లగ్గు ఉంటే వైరు ట్యాంకు నుంచి తిన్నగా ప్లగ్గులోకి రాకూడదు. ముందు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి, అక్కడి నుంచి పైకి లేచి ప్లగ్గులోకి వెళ్లాలి. వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వేలాడే చోట కింద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద ట్యాంకు పక్కన పడేయకండి, గోడకు తగిలించండి. మీ మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు అన్ని స్విచ్‌లూ ఆపడం పిల్లలకు కూడా అలవాటు చేయండి.

స్టాండ్ లేని ట్యాంకులకే ఎక్కువగా జరిగే ఒక సంఘటన చెప్పాలి. ఎయిర్ పంపు నేల మీద ఉంటుంది, నీళ్లు దానికన్నా ఎత్తులో ఉంటాయి. రాత్రి కరెంటు పోతుంది. గాలి ఆగగానే సన్న పైపులోకి నీళ్లు ఎక్కి, పంపులోకి, అక్కడి నుంచి నేల మీదికి కారుతూనే ఉంటాయి. పొద్దున్నే లేచి చూస్తే హాలంతా నీళ్లు, ట్యాంకులో నాలుగు వేళ్ల లోతు నీళ్లలో చేపలు. పంపును నీటి మట్టం కన్నా పైన మేకుకు తగిలించండి. అలా కుదరకపోతే పైపు మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టండి, అది నీళ్లను వెనక్కి రానివ్వదు. చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. దాని మీద బాణం గుర్తు ట్యాంకు వైపు ఉండాలి, తిరగేసి పెడితే గాలే వెళ్లదు.

నీళ్లు పోయడం. మొదటిసారి మూడో వంతు దాకా పోసి ఆగండి. స్కేలు తీసుకుని నాలుగు మూలలా నీటి అంచు నుంచి ట్యాంకు పై అంచు దాకా కొలవండి. నీళ్లను మించిన మట్టపు కొలత లేదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా దాటితే నీళ్లు తీసేసి కింద సరిచేయండి. బాగానే ఉంటే పైదాకా పోసి రెండు రోజులు అలాగే ఉంచండి. చుట్టూ పొడి న్యూస్ పేపర్ పరచండి. ఎక్కడ చెమ్మ పట్టినా అందులో కనిపిస్తుంది. అది చూసుకున్నాకే ఫిల్టరు, మొక్కలు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి దాన్ని విరిచే చుక్కల మందు వేయాలి. చేపలను మాత్రం వెంటనే వేయకండి. చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా వస్తుంది, అది వాటికే విషం. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది లేకుండానే డజను చేపలు వేస్తే వారంలో చచ్చిపోతాయి. మన ఇళ్లలో పిల్లలు ఏడ్చేది ఎక్కువగా ఆ వారంలోనే. రోజూ చిటికెడు మేత వేసి ఫిల్టరు తిప్పండి, టెస్ట్ కిట్‌తో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక నాలుగు జీబ్రా డేనియోలతో మొదలుపెట్టండి. అవి మన దేశపు వాగుల్లో పుట్టిన చేపలే, గట్టివి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(శ్రోత: ఇదివరకే నిండా నీళ్లతో ఉన్న ట్యాంకును కొంచెం జరపాలండీ, వెనక గోడకు చెమ్మ పట్టింది. నీళ్లు సగం తీసి జరపొచ్చా?)

వద్దమ్మా. సగం నీళ్లున్నా అద్దాల మూలల్లో సిలికాన్ మీద మెలిక పడుతుంది. చేపల్ని అదే నీళ్లతో బకెట్లోకి మార్చండి, ఫిల్టరును కూడా ఆ బకెట్లోనే నడపండి, లోపలి బ్యాక్టీరియా చావకుండా. నీళ్లన్నీ తీసి, రాళ్లు కూడా తీసేసి, అడుగు కింద చేతులు పెట్టి ఇద్దరు ఎత్తండి. పై అంచులు పట్టుకుని ఎత్తకూడదు. ఈసారి గోడకు మూడంగుళాలు వదలండి, పైన మూత పెట్టండి, చెమ్మ సగం తగ్గిపోతుంది.

(శ్రోత: మా బాబు 3 అడుగులదే కావాలంటున్నాడు సార్. దానికైనా బ్లాకులు సరిపోవా?)

సరిపోయేలా కట్టొచ్చండీ. అప్పుడు ఊరికే పేర్చడం కుదరదు. మేస్త్రిని పిలిపించి సిమెంటుతో మూడు దొంతరలు కట్టించాలి, మధ్యలో ఒకటి తప్పనిసరి, పైన బండ కూడా మందం ఎక్కువది కావాలి. అద్దె ఇంట్లో ఓనరు ఒప్పుకోడు. అలాంటప్పుడు వెల్డింగ్ షాపులో రెండంగుళాల చదరపు ఇనుప పైపుతో స్టాండ్ చేయించుకోవడమే మంచిది. 220 కిలోల దగ్గర నేను స్టాండ్ లేకుండా పెట్టమని చెప్పను.

ఇంకేమైనా ఉంటే తర్వాత అడగండి. ఇక్కడ బ్లాకులు, గ్రానైట్ ముక్క, రసమట్టం అన్నీ తెచ్చాను. నలుగురేసి చొప్పున రండి. ఒక జట్టు పేరుస్తుంది, ఇంకో జట్టు మట్టం చూస్తుంది. బ్లాకులు ఎత్తేది పెద్దవాళ్లే, పిల్లలు బుడగ ఎటు పోతోందో చెబుతారు.